శేషఫణి కోచింగు, వీర్రాజు టెంటు హౌసు

లోకంలో తెలివంటూ ఉంటే అది తన ఇంట్లోనే ఉందని శేషఫణికి గట్టి నమ్మకం. ఆయనొక్కడికే కాదు, భార్య హైమవతికీ, బావమరిది కామేశానికీ కూడా అదే నమ్మకం. ముగ్గురూ హైదరాబాదులో ఒకే కంపెనీలో పదిహేనేళ్ళు పనిచేశారు. ఏం చేశారయ్యా అంటే, చెప్పింది చేశారు. మెయిల్లో ఏముంటే అది, ఎంతుంటే అంత. ఆవగింజంత ఎక్కువ చేసిన పాపాన పోలేదు. ఏటేటా కంపెనీవాళ్ళిచ్చిన మెచ్చుకోలు పత్రాల్ని హైమవతి దేవుడి గదిలో వేలాడదీసి, వాటికీ ఓ అగరొత్తి తిప్పేది.

ఓ రోజు కంపెనీవాళ్ళు ముగ్గుర్నీ గదిలోకి పిలిచి, రేపటి నుంచి మీరు ఆఫీసుకి రానక్కర్లేదని మర్యాదగా చెప్పారు. మనలాంటివాళ్ళయితే ఏడుస్తారు, లేదా నాలుగు తిట్టి బయటపడతారు. వీళ్ళు వెళ్ళి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. రావద్దన్నారు గానీ పొమ్మనలేదు కదా, పోతేనే కదా మళ్ళీ రావాల్సొచ్చేది అని శేషఫణి తర్కం. మర్నాడు సెక్యూరిటీవాళ్ళు చక్రాల కుర్చీలతో సహా ముగ్గుర్నీ లిఫ్టులోకి తోస్తుంటే, చూశారా, మనల్ని వదల్లేక కుర్చీలు కూడా ఇచ్చి పంపుతున్నారని హైమవతి కళ్ళు తుడుచుకుంది.

పెద్ద కంపెనీ తమ తెలివిని పిండుకున్నంతా పిండుకుంది కాబట్టి, ఇక చిరు వ్యాపారుల్ని ఉద్ధరించాలని తీర్మానించుకున్నారు. హైమవతి పుట్టిల్లు వంతెనపాడు, కాలవ గట్టు మీద చిన్న ఊరు. అక్కడ ఓ మేడ మీద దిగి, వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పుతామని బోర్డు కట్టారు. తమ జన్మలో ఎవరికీ ఓ అగ్గిపెట్టె అమ్మినవాళ్ళు కారు. అయినా నేర్పేస్తారట.

ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? చేతిలో డబ్బు అయిపోవచ్చింది. ఇంతలో తోడల్లుడు చలమయ్య కబురంపాడు, నా రైసు మిల్లులో గేటు దగ్గర కూర్చుని వచ్చే లారీలు రాసుకో అన్నయ్యా అని. చలమయ్య పదో తరగతి తప్పినవాడు. చలమయ్య పెళ్ళిలోనే ఆ సంగతి శేషఫణి పదిమందికీ వినబడేలా చెప్పి నవ్వాడు. ఇప్పుడు ఆ చలమయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవడమా? ఆ ఊహకే శేషఫణికి అన్నం సయించడం మానేసింది.

అదృష్టమో, ఊరివాళ్ళ ఖర్మో, వర్తక సంఘం అధ్యక్షుడు తటవర్తి బసవయ్యకి వీళ్ళ ఇంగ్లీషు చెవిన పడింది. బసవయ్యకి ఇనుప కొట్టుంది, తాను కూడా కార్పొరేట్ అనిపించుకోవాలనే దురద కూడా ఉంది. ముందు ఒక్క షాపు బాగుచేసి చూపించండి, మా అమ్మాయి పెళ్ళికి సంఘం వాళ్ళందరూ వస్తారు, ఆ రోజే మీటింగు పెట్టి అన్ని షాపులకీ మిమ్మల్నే కోచింగుకి కుదిరిస్తానన్నాడు. అని, టెంటు హౌసు మట్టపర్తి వీర్రాజు దగ్గరికి పంపాడు. వీర్రాజు తక్కువ తిన్నాడా? పెళ్ళిళ్ళ సీజను, కూలీలు దొరకని రోజులు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ముగ్గురు ఊరికే చాకిరీ చేస్తామంటే ఎగిరి గంతేశాడు.

మీ వ్యాపారంలో మిమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఏమిటో ఒక్కటి చెప్పమని శేషఫణి అడిగాడు. వీర్రాజు తల గోక్కుని, కుర్చీలు విరగ్గొట్టి పంపుతున్నారండి, అదే బాధ అన్నాడు.

అంతే. ముగ్గురూ ఇంటికెళ్ళి మీటింగు పెట్టుకున్నారు. కుర్చీ ఎందుకు విరుగుతుంది? ఎవరో ఒకరు కూర్చోబట్టి. కూర్చోకపోతే విరుగుతుందా? విరగదు. ఇంత చిన్న విషయం ఈ వీర్రాజుకి ఇన్నేళ్ళూ తట్టలేదే అని జాలిపడ్డారు కూడా. మర్నాడు ఓ సీమంతానికి కుర్చీలు వెళ్ళాయి. కామేశం ప్రతి కుర్చీకీ చేతుల మీదుగా పురికొస అడ్డంగా బిగించి కట్టేశాడు. ముసలీ ముతకా నిలబడే భోంచేశారు. కడుపుతో ఉన్న పిల్ల కూర్చోబోతే హైమవతి ప్రేమగా భుజం పట్టుకుని లేవదీసింది. కుర్చీలన్నీ కొత్తవి కొత్తవిగా తిరిగొచ్చాయి. శేషఫణి వాటిని వీర్రాజుకి చూపించి, మెచ్చుకోలు పత్రం కోసం కాసేపు అక్కడే నిలబడ్డాడు.

పిల్ల తరఫువాళ్ళు వీర్రాజుని దులిపేశారు. వీర్రాజు వచ్చి వీళ్ళని దులిపాడు. "కుర్చీ పోతే పోయిందండి. మన టెంటు కిందకి ఎవరొచ్చినా సరే, ముందు కూర్చోబెట్టాలండి," అన్నాడు.

ఇంకేముంది, ఆ మాట మంత్రంలా పట్టుకున్నారు. తర్వాతి పని ఓ గృహప్రవేశం. వచ్చినవాణ్ణి వచ్చినట్టు కూర్చోబెట్టారు. వంటవాళ్ళని పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. పంతులుగారు గుమ్మానికి మామిడాకులు కట్టబోతే ఆయన్నీ కూర్చోబెట్టారు. ఇంతలో కొత్తింట్లోకి తోలడానికి ఆవుని తీసుకొచ్చారు. ఎవరొచ్చినా అన్నారు కదా. కామేశం దానికి మంచి కుర్చీ, గట్టిది, ఏరి తెచ్చి వేశాడు. ఆవు వినలేదు. శేషఫణి ముందునుంచి గంగడోలు నిమురుతూ సర్దిచెప్పాడు, కామేశం వెనకనుంచి నడుం పట్టుకుని కిందికి నొక్కాడు. ఆ ఆవు తన్నిన తన్నుకి కామేశం పాయసం గంగాళంలో కూర్చున్నాడు. ఆవు కుర్చీల మీంచి దూకి, టెంటు పక్క తెరని కొమ్ములకి తగిలించుకుని కాలవ దాకా పరిగెత్తింది. బెదిరిన ఆవుకన్నా బుద్ధిగా ఎవరూ ప్రవర్తించలేదు ఆ రోజు.

ఇంటాయన, మీ సామానూ వద్దు మీరూ వద్దు, అన్నీ వదిలేసి పొండి ఇక్కణ్ణుంచి అని అరిచాడు. వీళ్ళు చక్కగా టెంటూ, కుర్చీలూ, జంపఖానాలూ, గరిటెలతో సహా అన్నీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నారు. వాటిని తెచ్చుకోవడానికి వీర్రాజు వెళ్ళి ఇంటాయన గడ్డం పట్టుకోవాల్సొచ్చింది.

తరిమెయ్యొచ్చు కదా అంటారా? మర్నాడే బసవయ్య కూతురి పెళ్ళి, ఊళ్ళో కూలీ అన్నవాడు దొరకడు. పైగా వీళ్ళని పంపింది బసవయ్యే. వీర్రాజు పళ్ళు బిగబట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "భోజనాలయ్యాక మన జంపఖానాలు సంఘం హాలుకి రావాలండి. ఎక్కడివక్కడ చుట్టేసి తెచ్చెయ్యండి. ఎవరేం చెప్పినా వినొద్దు. నా మాట తప్ప ఇంకెవరి మాటా చెవిన పెట్టకండి."

శేషఫణికి ప్రాణం లేచొచ్చింది. పదిహేనేళ్ళలో ఇంత స్పష్టమైన ఆదేశం కంపెనీలో కూడా రాలేదు. ఈ ఒక్కటీ సరిగ్గా చేస్తే సాయంత్రానికి బజారంతా తన శిష్యులే. చలమయ్య స్టూలు చలమయ్యకే ఉంటుంది.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. సంఘం వాళ్ళు విస్తరి మీద విస్తరి లాగించి, బొర్రలు నిమురుకుంటూ హాలుకి బయల్దేరారు. విందు లేని రోజున ఆ సంఘానికి మీటింగు జరిగిన చరిత్ర లేదు. రెండు రోజులుగా కన్ను మూయని బసవయ్య, మీటింగుకీ అప్పగింతలకీ ముందు ఓ కునుకు తీద్దామని, పందిట్లో ఓ వారగా జంపఖానా మీద ఒరిగి గుర్రు పెట్టాడు.

అన్ని జంపఖానాలూ చుట్టాక అదొక్కటీ మిగిలింది. మనిషున్నాడే బావా అని కామేశం నసిగాడు. ఎక్కడివక్కడ చుట్టమన్నారు, దులిపి చుట్టమన్నారా అని శేషఫణి అడిగాడు. అనలేదు. అంతే, ఓ చివర ఆయన, ఓ చివర కామేశం పట్టుకుని బసవయ్యతో సహా చుట్టేశారు. జారిపోకుండా హైమవతి మూడు చోట్ల తాడు కట్టింది, మధ్యలో అందంగా ముడి కూడా వేసింది.

అన్నీ ఎక్కించుకుని లారీ కదిలాక జంపఖానాకి మెలకువొచ్చింది. లోపల్నుంచి కేకలు, తిట్లు, తర్వాత బతిమాలడం. ఎవర్రా మీరు, విప్పండిరా, నేను బసవయ్యనిరా అని గోల. శేషఫణి మర్యాద తెలిసినవాడు కాబట్టి వంగి, క్షమించాలండి, వీర్రాజుగారి మాట తప్ప వినడానికి లేదండి అని వివరంగా చెప్పాడు. ఎంత ఏడ్చి మొత్తుకున్నా లొంగనందుకు తన క్రమశిక్షణకి తానే పొంగిపోయాడు.

సంఘం హాల్లో అందరూ అధ్యక్షుడు రాలేదేమని ఎదురుచూస్తున్నారు. అధ్యక్షుణ్ణి భుజాల మీద మోసుకొచ్చి వాళ్ళ మధ్యలో పెట్టారు. హాల్లో కుర్చీలు వేస్తున్న వీర్రాజు ఆ గొంతు పోల్చుకుని పరిగెత్తుకొచ్చాడు. విప్పండి, విప్పండి అన్నాడు. అది వీర్రాజు మాటే కాబట్టి వెంటనే విప్పారు. పట్టుపంచె ఊడి, కండువా మెడకి చుట్టుకుని, మీసాల నిండా దుమ్ముతో బసవయ్య దొర్లుకుంటూ బయటపడ్డాడు. సంఘం వాళ్ళు సంఘం వాళ్ళే కదా, ఒక్కడూ చెయ్యందించలేదు. కొంపదీసి ఇదేదో కార్పొరేట్ పద్ధతేమోనని మొహమొహాలు చూసుకున్నారు.

అప్పుడే పెళ్ళింటి నుంచి ఫోను. అప్పగింతల వేళయింది, తండ్రి లేడు, పిల్ల ఏడుస్తోంది, మగపెళ్ళివాళ్ళు కార్లు స్టార్టు చేశారు. వీర్రాజు వీళ్ళ వైపు తిరిగాడు. "మీరే కదండీ తెచ్చేరు. తెచ్చినట్టే తీసుకెళ్ళి, తెచ్చిన చోటే దింపేసి రండి, తొందరగా," అని, లారీ డ్రైవరు టీ తాగడానికి పోయాడంటే వాణ్ణి వెతకడానికి వీధిలోకి పరిగెత్తాడు.

తెచ్చినట్టే. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కామేశం జంపఖానా ముడతల్లేకుండా పరిచాడు. ఇందాక ఎడమ పక్కకి తిరిగి పడుకున్నారండి, అలాగే పడుకోండి అని శేషఫణి వినయంగా అడిగాడు. బసవయ్య ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత, అది వీర్రాజు మాట కాదు కదా. ముగ్గురూ కలిసి పడుకోబెట్టి చుట్టారు. హైమవతి మూడు తాళ్ళూ కట్టి, మధ్య ముడి మళ్ళీ అందంగానే వేసింది.

పెళ్ళింటి ముందు ఊరంతా ఉంది. లారీ వచ్చి ఆగింది. జంపఖానాని దింపి, పందిట్లో ఇందాకటి వారకే, ఇందాకటి చోటే పెట్టారు. ఓ చివర నుంచి పసుపు పాదాలు బయటికి కనబడుతున్నాయి. అవి ఎవరివో పోల్చుకున్న పెళ్ళికూతురు పరిగెత్తుకొచ్చి వాటి మీద పడి భోరుమంది. అల్లుడు ఏం చెయ్యాలో తెలీక అక్షింతలు పట్టుకుని నిలబడ్డాడు. విప్పుదామా బావా అని కామేశం అడిగితే, దింపమన్నారు, అంతవరకే అన్నాడు శేషఫణి.

జనంలో నోరు తెరుచుకుని చూస్తున్న చలమయ్య కనబడ్డాడు. శేషఫణి దగ్గరికెళ్ళి, నీ గేటుకి ఇంకెవర్నైనా చూసుకో తమ్ముడూ, నాకిక తీరదు అని చెప్పొచ్చాడు. తర్వాత జంపఖానా రెండో చివర, చెవి ఉండాల్సిన చోట వంగి, కంపెనీలో అలవాటైన ప్రకారం, మా పనిలో లోటేమైనా ఉంటే దయచేసి తెలియజెయ్యండి సార్ అని అడిగాడు.

లోపల్నుంచి జవాబు పెద్దగా వచ్చింది, చాలాసేపు వచ్చింది. అది వీర్రాజు మాట కాదు గనక శేషఫణి చెవిన పెట్టలేదు.