తల తీసి కాఫీ తాగిన గొరిల్లా

ఎక్కడో ఆఫ్రికాలో, మబ్బులు చెట్ల మీదే కాపురం పెట్టిన ఒక కొండ. దాని మీద వెదురడవి. అందులో జింకలు, కోతులు, ముళ్లపందులు ఉండేవి. కొండ దిగువన చిరుత, పైభాగాన గొరిల్లాలు. గొరిల్లాల పెద్ద పేరు వెండివీపు.

ఒకరోజు ఎర్రతోక అనే చిలక ఆ అడవికి తిరిగొచ్చింది. సముద్రం అవతల, సినిమాలు తీసే చోట, ఆరేళ్లు పంజరంలో ఉండి వచ్చిందట. ఇక దాని గొప్పలు చూడాలి!

"ఏమే నల్లగిట్టా, ఆ రాక్షసుడి పక్కనే మేస్తున్నావా?" అంది ఒక జింకతల్లితో. "నేను కళ్లారా చూశాను. గొరిల్లా మేడలు కూల్చేస్తుంది. మనుషుల్ని పిడికిట్లో నలిపేస్తుంది. రొమ్ము చరుచుకుందంటే ఎవరికో నూకలు చెల్లినట్టే!"

నల్లగిట్ట ఒళ్లు జల్లుమంది. దాని కూన పుట్టి పదిరోజులే అయింది.

"మరి అది ఏం తినేది ఎర్రతోకక్కా?"

"మధ్యాహ్నం కాగానే తల తీసి పక్కన పెట్టి, రొట్టె తిని, కాఫీ తాగేది."

"తల తీసా?"

"ఆ, తీసే! పెద్ద నటులంటే అంతే. నీకేం తెలుసు!"

ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు. భయం వేస్తే చెవులు పనిచేస్తాయి గానీ బుర్ర సెలవు పెడుతుంది. అందరూ పిల్లాజెల్లాతో దిగువకు దిగిపోయారు. అక్కడ చిరుత ఉంటుందన్న సంగతి చిరుతకు గుర్తుంది, వీళ్లకే లేదు.

మూడో రోజు పొద్దున మంచు దట్టంగా కమ్మింది. పక్కనున్న వెదురు కూడా కనబడటం లేదు. ఎక్కడో పుల్ల విరిగింది. కోతులన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. కోతులు నోరు మూసుకున్నాయంటే మాటలా!

మంచులో రెండు పచ్చటి కళ్లు మెరిశాయి. చిరుత!

అప్పుడే పైనుంచి ధన్ ధన్ ధన్‌మని చప్పుడు. వెండివీపు రొమ్ము చరుచుకుంటోంది.

"పైకి వెళ్లకండి, చంపేస్తుంది!" అని కీచుమంది ఎర్రతోక.

కూన తల్లి కాళ్ల మధ్య దూరింది. అంత భయంలోనూ నల్లగిట్టకు ఒక సంగతి తట్టింది. 'తల తీసి పక్కన పెట్టేది గొరిల్లా ఎలా అవుతుంది? అది వేషం కట్టిన మనిషి! నేను నాలుగేళ్లుగా చూస్తున్న వెండివీపు ఆకూ చిగురూ తప్ప ఏదీ ముట్టలేదు. రొమ్ము చరిచిన రోజు చిరుత ఆ ఛాయలకే వచ్చేది కాదు.'

"పదరా కన్నా, ఆ చప్పుడు వైపే!"

కూనను ముందుకు నెట్టింది. తానూ పరిగెత్తింది. వెనకే చిరుత. దాని ఊపిరి వేడిగా తోకకు తగిలింది.

వెండివీపు లేచి నిలబడి, కోరలు చూపించి, ఒక్క గర్జన గర్జించింది. చిరుత తోక ముడిచింది. వెండివీపు కూనను వాసన చూసి, గట్టిగా తుమ్మి, మళ్లీ వెదురు చిగుళ్లు నమలసాగింది.

పైకి వెళ్లొద్దన్న ఎర్రతోక మాత్రం కింద పొదలోనే నక్కింది. ఆకలితో తిరిగొస్తున్న చిరుత పంజా విసిరింది. ప్రాణం దక్కింది గానీ రెక్కల ఈకలు పోయాయి. ఎగరలేక, ఏడుస్తూ, కాలినడకన కొండెక్కింది. దారిలో వెండివీపు ఎదురైంది.

ఎర్రతోక కళ్లు గట్టిగా మూసుకుంది. "తినెయ్ బాబూ, నొప్పి లేకుండా తినెయ్!"

వెండివీపు దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటి, ఇంకో చిగురు విరిచింది.

నీతి: ఎవరో కట్టిన వేషం చూసి హడలిపోయే ముందు, మన ఎదుట ఉన్నవాళ్లను మన కళ్లతో చూడాలి.