పోలయ్య గుండెకి కొత్త వాల్వు

మా ఊళ్ళో తెలివంతా పోలయ్య ఇంట్లోనే ఉందని పోలయ్య ఇంట్లోవాళ్ళు చెప్పుకునేవారు. పోలయ్య, భార్య నూకమ్మ, తమ్ముళ్ళు గౌరయ్య, చిట్టెయ్య. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మనకు తప్ప ఎవరికొచ్చు?" అని ఒకటే మురిసిపోవడం.

అలాంటి పోలయ్యకు నాలుగడుగులేస్తే ఆయాసం మొదలైంది. పట్నం తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, "గుండెలో వాల్వు పాడైంది. ఆపరేషన్ చేసి మార్చాలి. అడగాల్సినవన్నీ ముందే అడిగెయ్యండి" అంది.

ఇంకేముంది! అందరూ కుర్చీలు ముందుకు లాక్కున్నారు.

"వాల్వులు ఎన్ని రకాలమ్మా?" అన్నాడు గౌరయ్య.

"రెండు. లోహంది ఎక్కువకాలం మన్నుతుంది, కానీ బతికున్నన్నాళ్ళూ రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి. ఆవు కణజాలంతో చేసింది కొన్నేళ్ళకు అరుగుతుంది."

"పలచబడ్డానికి మాత్రలెందుకు? నీళ్ళు పోస్తే సరి. మేం పాలల్లో రోజూ పోస్తూనే ఉన్నాం!" అన్నాడు గౌరయ్య.

"ఆవుదైతే ఈయన్ని పొద్దున్నే మేతకు తోలాలా?" అంది నూకమ్మ.

పోలయ్య భయంభయంగా అడిగాడు. "గుండె ఆపి చేస్తారట కదమ్మా. మళ్ళీ నడవకపోతే?"

"ప్రమాదం బొత్తిగా లేదనను. కానీ ఇలాంటివి చాలా చేశాను. మళ్ళీ నడిపిస్తాం."

"మరీ దూరం నడిపించకండి," అన్నాడు చిట్టెయ్య. "అన్నకు ఆయాసం."

డాక్టరమ్మ నవ్వాపుకుని, "ఈయన వయసుకి ఆవుదే మంచిది. రేపే ఆపరేషన్. అప్పటిదాకా నోట్లో ఏమీ ఉండకూడదు" అంది.

అంతే. తెల్లారి నర్సు వచ్చేసరికి పోలయ్య నాలుక బయటపెట్టుకుని పడుకున్నాడు. నూకమ్మ దాన్ని చీరకొంగుతో పట్టుకుని లాగుతోంది. "పళ్ళెప్పుడో ఊడిపోయాయి. నోట్లో ఇదొక్కటే మిగిలిందమ్మా, ఎంతకీ రావట్లేదు!"

నర్సు కేకకి ఆసుపత్రంతా పరిగెత్తుకొచ్చింది.

ఎలాగైతేనేం, ఆపరేషన్ బాగా జరిగింది. ఆయాసం పోయింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ, "బరువులు ఎత్తనివ్వకండి. చలి తగలనివ్వకండి. దుమ్ము పడనివ్వకండి" అని మరీ మరీ చెప్పింది.

బస్సు ఊరి బయట దిగగానే గౌరయ్య ఆలోచించాడు. "అన్న నడిస్తే తన బరువు తనే ఎత్తినట్టు కదరా!"

అంతే. మంచం తెచ్చి పడుకోబెట్టి, ముందొకడు వెనకొకడు ఎత్తుకున్నారు. దుమ్ము పడకుండా తల నుంచి కాళ్ళదాకా తెల్లదుప్పటి కప్పారు. చలి తగలకుండా నూకమ్మ కుండలో నిప్పులు పట్టుకుని ముందు నడిచింది.

ఇంకేముంది! చూసినవాళ్ళు చూసినట్టే గొల్లుమన్నారు.

"ఏమైందర్రా?" అన్నాడు పోలయ్య దుప్పటి కిందనుంచి.

"పోలయ్య పోయాడంట అన్నా!" గౌరయ్య బావురుమన్నాడు.

"అయ్యో! నిక్షేపంలాంటి మనిషి. నూకమ్మ ఎలా తట్టుకుంటుందో!" పోలయ్యకు దుఃఖం ఆగలేదు. "మనింటికి తర్వాత పోదాంలే. ముందు వాళ్ళింటికి పదండిరా, ఆఖరిచూపైనా దక్కుతుంది!"

తమ్ముళ్ళిద్దరూ మంచంతో సహా పరుగు లంకించుకున్నారు.