గాలిమెడలో మూసిన తలుపు

సారంగయ్యగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న అడిగితే లేచి నడవడం మొదలుపెడతారు. అడిగినవాడు వెనకే వెళ్లాలి. దారిలో ఏదో ఒకటి కనిపిస్తుంది, ఒక్కోసారి ఏమీ కనిపించదు. ఆయన తిరిగి వచ్చి తన అరుగు మీద నడుం వాలుస్తారు. జవాబు దొరికిందనుకున్నవాళ్లు దండం పెట్టి వెళ్లిపోతారు. దొరకనివాళ్లు మర్నాడు మళ్లీ వస్తారు. కోనప్ప అలా ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం కోనప్ప అడిగిన ప్రశ్న ఇది: "గురువుగారూ, ఊరు మనిషి కోసమా, మనిషి ఊరు కోసమా?"

ఊసుపోక అడిగింది కాదు. ఆ మధ్యనే అతన్ని గాలిమెడకు తలుపుల పెద్దగా ఎన్నుకున్నారు. ఆ పదవి బరువు తెలియాలంటే ముందు ఆ ఊరు తెలియాలి.

గాలిమెడ రెండు కొండల నడుమ ఎత్తున ఉన్న సందులో కట్టిన ఊరు. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అలాంటివి మూడు వరసలు. ఇంటికీ ఇంటికీ మధ్య నల్లరాతి గోడ ఒక్కటే, అది ఇద్దరిదీ. ముందూ వెనకా మాత్రం రాయి ఉండదు, కొయ్య చట్రమూ మట్టి మెత్తిన తడికలూ. ప్రతి ఇంటికీ పడమట ఒక తలుపు, దానికి సూటిగా తూర్పున ఇంకొకటి. అన్నీ తెరిచి ఉన్న పూట పడమటి వీధిలో నిలబడితే మూడు ఇళ్లలోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. ఊరంతా పెద్ద దువ్వెనలా ఉంటుందని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. వాళ్లు పెనుగాలిని చూడలేదు కాబట్టి నవ్వుతారు.

పడమటి మైదానం మీద పుట్టే ఆ గాలికి ఈ సందు తప్ప వేరే దారి లేదు. అది వచ్చినప్పుడు ఊళ్లో ప్రతివాడూ పొయ్యి ఆర్పి, రెండు తలుపులూ బార్లా తెరిచి, రాతి గోడకు వీపు ఆనించి, గోడలో దిగేసిన ఇనప కడియం పట్టుకుని కూర్చోవాలి. గాలి ఇంట్లోంచే పోతుంది. దుమ్ము, చలి, దాని కేక, అన్నీ ఇంట్లోంచే పోతాయి. వెనకటికి ఒకడు విత్తనాలు ఎగిరిపోతాయని తలుపులు బిగించుకున్నాడు. వాడి ఇంట్లో దూరలేని గాలి పక్కింటి మీద పడింది. ఆ ఇల్లు కూలి, దాని పక్కది కూలి, సగం వరస నేలమట్టమైంది. విత్తనాలవాడి ఇల్లు మాత్రం నిలిచింది. అప్పటి నుంచి గాలిమెడలో తలుపుకు గడియ ఉండదు. మూసిన తలుపు కనబడితే తలుపుల పెద్ద గొడ్డలితో పగలగొడతాడు. మూసినవాళ్లను కొండ దింపేస్తారు. మళ్లీ ఎక్కనివ్వరు.

ఆ గొడ్డలి ఇప్పుడు కోనప్ప భుజం మీద ఉంది. అందుకే ఆ ప్రశ్న.

సారంగయ్యగారు లేచి ఊళ్లోకి మెట్లు దిగసాగారు. కోనప్ప ఆయన వెనక, ఎప్పుడూ ఆ అరుగు దగ్గరే ఉండే నేను కోనప్ప వెనక. సగం మెట్లు దిగామో లేదో ఊదుగోపురం మూలిగింది. కొండ కొమ్మున బోలుగా కట్టిన గోపురం అది, ఒళ్లంతా కన్నాలు. గాలి ఊరిని చేరకముందే దాన్ని తాకుతుంది. మొదట ఆవు మూలిగినట్టు మోగుతుంది, తర్వాత శంఖంలా. అది కీచుమని అరిచిందంటే ఇక గాలి వచ్చేసినట్టే.

ఏటా వచ్చే గాలి రోజులకు ఇంకా పక్షం గడువుంది. అయినా ఊరు తడబడలేదు. పొయ్యిల మీద నీళ్లు పడ్డ చప్పుడు, తలుపులు బార్లా తెరుచుకున్న చప్పుడు వరసగా సాగిపోయాయి. మొదటి వరస చివర, కొండను ఆనుకున్న గౌరసాని ఇంటి దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

తలుపు మూసి ఉంది. లోపల ఏదో బరువైనది ఈడుస్తున్నారు. పక్కింటి కుమ్మరి పాపరాయుడు తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు.

"గౌరక్కా! చెవుడొచ్చిందా? గోపురం వినపడలేదా?"

"వినపడిందిరా! తిరగలి అడ్డం పెట్టాను. నీ తాతొచ్చినా తెరుచుకోదు!"

"మతి పోయిందా నీకు?"

"చంద్రికి నొప్పులొచ్చాయి!"

చంద్రి ఆమె కోడలు. కొడుకు బిడారుతో మైదానానికి వెళ్లాడు, ఇంట్లో ఉండేది ఆడవాళ్లిద్దరే. గాలి రోజులు రాకముందే నిండు చూలాళ్లను కొండ కింది రాతిశాలకు మోసుకుపోవడం ఊరి ఆచారం. చంద్రికి ఇంకా నెల ఉంది, గాలికి పక్షం ఉంది. రెండూ ఒకే పూట తొందరపడ్డాయి.

"మోసుకుపోదాం, తలుపు తియ్యి!" అన్నాడు కోనప్ప.

నొప్పులు మొదలవగానే వచ్చిన మంత్రసాని గొంతు లోపలి నుంచి వినిపించింది. "కాళ్లు ముందొస్తున్నాయి నాయనా. ఇప్పుడు కదిలిస్తే ఇద్దరూ పోతారు. ఈ గదిలోకి గాలి వచ్చినా ఇద్దరూ పోతారు. నీ ఇష్టం మరి."

నీ ఇష్టం! ఈ రెండు మాటలూ విన్నవాడికే తెలుస్తుంది వాటి బరువు. న్యాయం గురించి గంభీరంగా మాట్లాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. కూలబోయేది తమ ఇల్లు కానప్పుడు అందరి గొంతూ గంభీరంగానే ఉంటుంది.

జనం పోగయ్యారు. గోపురం శంఖంలా మోగుతోంది. ఎవరో అరిచారు, "పగలగొట్టు పెద్దా, ఏం చూస్తున్నావు?" ఇంకెవరో, "పురిటి మనిషి ఉందిరా లోపల!" అన్నారు. "ఈ వరసలో ముప్పై కొంపలున్నాయి, ఒక్కో కొంపలోనూ పిల్లలే!" అని మొదటివాడు తిరగబడ్డాడు. అతని మాట అబద్ధం కాదు. రెండోవాడిదీ కాదు.

అందరికంటే గట్టిగా అరిచింది పాపరాయుడే. అరవడానికి అతనికి హక్కు ఉంది. గౌరసాని ఇంటికి ఒకపక్క కొండ, రెండోపక్క అతని ఇల్లే. గాలి మొదట పడేది అతని మీద. అతని తల్లి మంచం మీంచి లేవలేని మనిషి, ఆ ఉమ్మడి గోడ కడియానికే ఆమెను పంచెతో కట్టి వచ్చాడు. పైగా కుండలు కాల్చే ఆవం పొగ గురించి గౌరసాని అతన్ని తిట్టని రోజు లేదు.

"నీ కోడలు మనిషి, మా అమ్మ మనిషి కాదా? ఆ గోడ కింద ఉంది మా అమ్మ!"

"నీ తల్లి చూడాల్సినవన్నీ చూసిందిరా! ఇది ఇంకా ఏం చూసింది?"

"ఎంత మాటన్నావే! విన్నారా? అందరూ విన్నారా? కోనప్పా, కొట్టు! కొట్టవయ్యా!"

కోనప్ప వెనక్కి తిరిగి సారంగయ్యగారి వంక చూశాడు. "గురువుగారూ, చెప్పండి."

ఆయన నోరు తెరవలేదు. జనంలో ఒకడిలా నిలబడ్డారు, అంతే. నాకు ఆయన మీద కోపం వచ్చింది. పెద్దవాళ్ల మౌనం చిన్నవాళ్లకు ఎంత బరువో పెద్దవాళ్లు మర్చిపోతారు.

కోనప్ప గొడ్డలి ఎత్తాడు. మొదటి దెబ్బ తలుపు నడిమి చెక్క మీద పడింది. చెక్క నిలువునా చీలింది. చీలికలోంచి సన్నగా దీపపు వెలుగు కనిపించింది. తననే నరికినట్టు గౌరసాని కేక పెట్టింది.

ఆ కేక ఆగాక లోపలి నుంచి ఇంకో గొంతు వచ్చింది. సన్నటి గొంతు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు.

"అత్తా... తీసెయ్... తిరగలి తీసెయ్."

"నువ్వు మాట్లాడకే!"

"వాళ్ల గోడ పడుతుందత్తా. అవ్వ ఉంది అక్కడ. నాకు రోజూ... గోడ అవతల నుంచి పాటలు చెప్పేది అవ్వే. తీసెయ్. నేను కడియం పట్టుకుంటాను."

"కడియం పట్టుకుంటుందట!" అని మంత్రసాని ఏడ్చింది. మంత్రసానులు ఏడవగా నేను వినడం అదే.

తిరగలి రాయి నేల మీద గరగరమంది. చంద్రి తానే చేయి చాచి లాగుతోందో, గౌరసాని మనసు మార్చుకుందో మాకు తెలియదు. కోనప్ప గొడ్డలి రెండోసారి పైకి లేచింది. లేచి అక్కడే ఆగింది.

అప్పుడు పాపరాయుడు, ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా ఆలోచించకుండా, చీలిన చెక్కకు నోరు పెట్టి అరిచాడు.

"ఆ రాయి కదిపావంటే చంపుతాను అమ్మాయ్! అక్కడే ఉంచు! గౌరక్కా, దాన్ని కదలనివ్వకు!"

గిర్రున తిరిగి తన ఇంట్లోకి పరిగెత్తాడు. తల్లిని కట్టిన పంచె ఊడదీసి, చేతుల మీద ఎత్తుకుని బయటికి వచ్చి, కోనప్ప ఎదుట నిలబడ్డాడు.

"పట్టుకో."

రెండు చేతులూ ఖాళీ కాకుండా ముసలామెను పట్టుకోవడం కుదరదు. కోనప్ప గొడ్డలి వదిలేశాడు. పాపరాయుడు దాన్ని నేల మీంచి అందుకున్నాడు.

"ఒరే, ఎక్కడికిరా నన్ను ఇచ్చేస్తున్నావు?" అంది ముసలామె.

"ఊరి పెద్దకే ఇస్తున్నానమ్మా. మర్యాదగా పట్టుకుంటాడు. నోరు మూసుకుని వెళ్లు."

అతను చేసింది ఇది. తన ఇంటి ముందు తడికలన్నీ నరికేశాడు. తలుపు చట్రం పెకలించాడు. మా అన్నా, నేనూ, ఇంకో ఇద్దరూ లోపలికి దూరి వెనకవైపు తడికలు కూల్చాం. గౌరసాని ఇంట్లోంచి పోవలసిన గాలికి కూడా తన ఇంట్లోనే చోటు చేశాడు. మూసిన ఇంటి పక్కన గోడంత నోరు తెరిచి పెడితే గాలికి గోడను తోయవలసిన పని ఉండదు. ఇంత చిన్న సంగతి మా ఊళ్లో తరతరాలుగా ఎవరికీ తట్టలేదా అంటే, తట్టే ఉంటుంది. కానీ చట్రం తీసేస్తే కప్పు నిలవదు. తన కప్పు పోతుందని తెలిసి చేసే పని ఎవరికి తడుతుంది? మూసినవాడి తలుపు పగలగొట్టడమే మా అందరికీ తట్టింది. దానికే చట్టం చేసుకున్నాం, దానికే పెద్దను ఎన్నుకున్నాం.

గోపురం కీచుమంది. మేం పరిగెత్తాం. పాపరాయుడు చివరి గుంజ దగ్గర ఉండిపోయాడు. పై దూలం జారి అతని ఎడమ చేయి మీద పడింది, కుడి చేత్తో గోడ కడియం అందుకున్నాడు.

గాలి వచ్చింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. కళ్లు మూసుకుని కడియం పట్టుకున్నవాళ్లు చూసేది ఏమీ ఉండదు. పాపరాయుడి కప్పు లేచిపోతున్నప్పుడు మాత్రం ఊరంతా విన్నాం, పెద్ద గుడ్డ చింపినట్టు. ఆరబెట్టిన పచ్చికుండలన్నీ తూర్పు లోయలోకి పోయాయి. ఉమ్మడి గోడ నిలిచింది. వరస నిలిచింది.

గాలి తగ్గిన సాయంత్రం తిరగలి పక్కకు జరిపి గౌరసాని తలుపు తెరిచింది. చంద్రి బతికింది. పుట్టింది ఆడపిల్ల, పిల్లి కూనంత ఉంది. కుమ్మరివాడి ఎడమ చేతి రెండు వేళ్లు నలిగిపోయాయి, మంత్రసానే వాటికి కట్టు కట్టింది. కుమ్మరికి రెండు వేళ్లు లేకపోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఈ కథను తియ్యగా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

తల్లీ కొడుకులకు ఇల్లు లేదు కనుక గౌరసాని ఇంట్లోనే చేరారు. రెండో రోజుకే పాపరాయుడూ గౌరసానీ మామూలుగా తిట్టుకోవడం మొదలుపెట్టారు.

"నీ మనవరాలు ఏడిస్తే నిద్ర లేదే గౌరక్కా!"

"నీ గురక విని ఏడుస్తోందిరా అది!"

కానీ ఊరి చట్టం ఊరుకోదు. గౌరసాని తలుపు మూసింది, కొండ దింపాలి. పాపరాయుడు గాలి వేళ ఇంటి చట్రం తీశాడు, అదీ నేరమే. తీర్పు చెప్పవలసింది కోనప్ప. సభకు వెళ్లే ముందు పొద్దున్నే వచ్చి సారంగయ్యగారి అరుగు కింద కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో మనిషి చిక్కిపోయాడు.

"గురువుగారూ, ఆ రోజు మీరు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడైనా చెప్పండి. ఊరు మనిషి కోసమా, మనిషి ఊరు కోసమా? సభలో అందరూ నా నోటి వంకే చూస్తారు."

ఈసారి సారంగయ్యగారు లేవలేదు. అరుగు మీదే కూర్చుని కోనప్ప చేతుల వంక చూశారు.

"ఒక దెబ్బ కొట్టావు. రెండోది ఎత్తి ఆగిపోయావు. అప్పటికి పాపరాయుడు ఇంకా నోరు తెరవలేదు. ఎందుకు ఆగావో అది చెప్పు సభకు."