కాకి ముట్టని ముద్ద

మోదుగులు పూసి అడవంతా పెళ్ళిపందిరిలా ఎర్రబడిన రోజులవి. అలాంటి కాలంలో ఎవరైనా వాగొడ్డున కూర్చుని కూనిరాగాలు తీయాలి. పాలవాగు అడవిలో మాత్రం కాకులన్నీ ఠాణా ముందున్న తుమ్మచెట్టెక్కి ఏడుస్తున్నాయి. కాటుకమ్మ అనే కాకి కొడుకు ఆ ఠాణాలో చచ్చిపోయాడు. వాడి పేరు నేరేడు. ఎండ పడితే వాడి రెక్కలు నిజంగానే నేరేడుపండ్లలా నిగనిగలాడేవి.

వాడు చేసిన నేరమల్లా, పులిరాజుగారి విందులో తొడ ఎముక మాయమైన పూట అటుగా ఎగరడం. ఠాణా జమేదారు బైరప్ప అనే వేటకుక్క వాణ్ణి పట్టుకుని, రెక్కలు తీగతో కట్టి లోపల పడేశాడు. పొద్దు వాలేసరికి వాడు లేడు. శవాన్ని కన్నతల్లికైనా చూపించకుండా ఠాణా వెనకే పాతేశారు.

పులిరాజుగారి మంత్రి జంబయ్య అనే నక్క. అతగాడు తోక దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"నేరేడు నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పారిపోబోయి ఈ కొమ్మకే తల కొట్టుకుని పోయాడు. అప్పుడు ఠాణాలో పురుగు కూడా లేదు. మాకూ బాధగానే ఉంది."

"రెక్కలు కట్టేసినవాడు ఎలా ఎగిరాడయ్యా?" అంది కాటుకమ్మ.

"అదేనమ్మా నాకూ అంతుబట్టనిది. మహా చురుకైన కుర్రాడు."

కాకుల్లోకెల్లా పెద్దవాడు వంకరముక్కు తాత. ఆయన గొంతు సవరించుకున్నాడు. "తొడ ఎముక మోసే ముక్కు కాకికెక్కడిది మంత్రిగారూ?"

"మొయ్యలేకే కదా దొరికిపోయాడు."

నక్కకు జవాబు లేని ప్రశ్న ఇంకా పుట్టలేదు. కాకులు మాత్రం కదల్లేదు. ఆ ఏడుపు విని జింకలొచ్చి చెట్టుకింద కూర్చున్నాయి. గేదెలొచ్చాయి. ఎవరి గొడవా పట్టని కుందేళ్ళు కూడా వచ్చి ఒక మూల సర్దుకున్నాయి. బైరప్పకు కంటిమీద కునుకు కరువైంది.

"తరిమేయనా అయ్యగారూ?" అన్నాడు.

"తరిమితే కొరివితో తల గోక్కున్నట్టే. చావు కర్మ పూర్తికాని ఇంటివాళ్ళను కదపకూడదని అడవి కట్టుబాటు. పులిరాజుగారి ముత్తాత పెట్టింది."

"మరి ఈ గోల ఎన్నాళ్ళు?"

"పిండం పెట్టి, దాన్ని కాకి ముట్టేదాకా. ముట్టిందంటే పోయినవాడికి ఏ కొరతా లేనట్టే. ఇక ఏడ్చేవాళ్ళు కళ్ళు తుడుచుకుని లేవాల్సిందే." జంబయ్య పళ్ళు బయటపెట్టాడు. "లోకంలో పిండాలు పెట్టినవాళ్ళు కాకి రాక చస్తుంటారు. మనకు చెట్టునిండా కాకులే, అవీ పస్తులున్నవి. ఒక్కటి ముక్కు పెడితే చాలు."

"పెట్టకపోతే కోకిలను పిలిపిద్దామా? అదీ నల్లగానే ఉంటుంది."

"అది నోరు తెరిచిందంటే మన పరువు పాటై ఊరేగుతుంది. నీ తెలివి నీ దగ్గరే ఉంచుకో."

మర్నాడు మధ్యాహ్నం ఠాణా ముందు విస్తరి పరిచారు. నెయ్యి, నువ్వులు కలిపిన అన్నం ముద్ద పెట్టారు. పక్కన బైరప్ప నిలబడ్డాడు. జంబయ్య వేలికి దర్భ చుట్టుకుని, కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. గొర్రె చచ్చిందని తోడేలు ఏడ్చినట్టుంది.

"రండి తల్లీ, రండి నాయనా. పిల్లాడికి శాంతి కలగాలి. ముట్టండి."

ఒక్క కాకీ దిగలేదు.

"మా పద్ధతి మీకు తెలియనిది కాదు," అన్నాడు వంకరముక్కు తాత. "ఊరికే పెడితే ముట్టం. పోయినవాడి కడపటి కోరికేదో పైకి చెప్పి, అది తీరుస్తామని మాటివ్వాలి. ఇన్ని తరాలుగా మీ అందరి పిండాలూ అలాగే ముట్టాం."

"అదెంత పని?" అని జంబయ్య విస్తరి ముందు చేతులు కట్టుకున్నాడు. "నాయనా నేరేడూ, మీ అమ్మకు రాజుగారి విందులో మిగిలింది రోజూ పంపిస్తాం."

కాకులు చూస్తూ కూర్చున్నాయి.

"మీ గూడు కొత్త పుల్లలతో కట్టిస్తాం."

కదల్లేదు.

"నువ్వు మనసుపడ్డ పిల్లకు మంచి సంబంధం చూస్తాం. నువ్వు తల కొట్టుకున్న కొమ్మకు నీ పేరే పెడతాం."

గేదె ఒకటి ఫుర్రుమని ముక్కు చీదింది. ఎండకు ముద్ద ఆరిపోతోంది. బైరప్పకు ఆకలి దంచేస్తోంది, నిద్ర ముంచుకొస్తోంది. తాత ఒంటికన్నుతో వాడినే చూశాడు.

"పోనీలెండి మంత్రిగారూ. కాకి మనసులో ఏముందో మీకేం తెలుస్తుంది? జమేదారుకైతే అసలే తెలియదు. పాపం, ఆ ఠాణాలో ఏం జరిగినా ఆయన దాకా రాదట కదా. గుమ్మం దగ్గర పడుకోవడానికి ఉంచారటగా."

బైరప్ప వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎవడు కూశాడా మాట? నాకు తెలియకుండా ఈ ఠాణాలో చీమ కుట్టదు."

"మరి కోరిక చెప్పలేకపోయావే?"

"కోరికేంటి, బోడి కోరిక. గూడూ కాదు, పిల్లా కాదు. వాడు అడిగింది నీళ్ళు."

జంబయ్య బైరప్ప తోక తొక్కాడు. "జమేదారుకు వడదెబ్బ కొట్టింది. లోపలికి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళడానికి ఎవరూ లేవలేదు. కాటుకమ్మ కింది కొమ్మకు దిగింది. చంటిపిల్లాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది. "ఎప్పుడడిగాడు బాబూ?"

"పోయే ముందే. నోరు తెరుచుకుని అదొక్కటే మాట."

"ఇచ్చావా?"

బైరప్ప నక్క వైపు చూశాడు. నక్క ఆకాశం వైపు చూస్తోంది.

"కుండ పక్కనే ఉందమ్మా. ఎముక తీశానని ఒప్పుకునేదాకా ఇవ్వొద్దన్నారు మంత్రిగారు."

"అంటే నా బిడ్డ ఒప్పుకోలేదన్నమాట," అంది కాటుకమ్మ.

జంబయ్య మెల్లగా జారుకోబోయాడు. అడవి లోపలికి వెళ్ళే దారి వైపు తిరిగేసరికి దారినిండా గేదెలు నిలబడి ఉన్నాయి. పులిరాజుగారి దగ్గరికి కబురు వెళితే, ఆ నక్కా కుక్కా ఎవరో తనకు బొత్తిగా గుర్తు రావడం లేదన్నారు. అడవి మొత్తం విన్నాక రాజులకు మతిమరుపు రావడం మామూలే. ఆ సాయంత్రమే ఒకడి మంత్రి పదవి, ఒకడి మెడపట్టీ ఊడిపోయాయి. ఇద్దర్నీ వాగు దాటించి తరిమేశారు.

కాటుకమ్మ వాగుకెళ్ళి ముక్కున పట్టినన్ని నీళ్ళు తెచ్చి, కొడుకును పాతిన చోట మట్టిమీద వదిలింది. ఆమె వెనకే మిగతా కాకులూ వరసగా తెచ్చి పోశాయి. మట్టి తాగుతూనే ఉంది. నక్క పెట్టిన ముద్ద ఎండి బెడ్డయింది. చీమలు దాని దాకా వచ్చి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి.

చంపినవాడు పెట్టిన పిండం కాకి ముట్టదు.