ఎక్కడికని అడగని పిల్ల

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ అప్పలనరసయ్యగారికి లేదు. స్కాట్లండ్ ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆసుపత్రిలో ఆయన ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నారు. మన దేశం నుంచి పై చదువుకు వచ్చిన డాక్టర్లందరికీ ఆయన మాస్టారే. ప్రశ్న వింటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

ఒక చలికాలం, పార్వతీపురం నుంచి వచ్చిన ఇందుమతి ఆయన గదిలోకి వెళ్ళి నిలబడింది. ఇంటి దగ్గర బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల, ఇక్కడ రోగి నోరు తెరిస్తే చాలు వణికిపోయేది. అక్కడివాళ్ళ ఇంగ్లీషు యాస ఒక్క ముక్క బోధపడేది కాదు. మళ్ళీ చెప్పమంటే తనకేమీ రాదని తేలిపోతుందేమోనని, అర్థమైనట్టు తల ఊపేది. ఊపి, ఎవరి ప్రాణం మీదికి తెచ్చానో అని ఇంటికి పోయి అన్నం ముట్టకుండా కూచునేది.

"మాస్టారూ, ఈ భయం ఎప్పుడు పోతుందండీ? పోదంటే చెప్పేయండి. చదువు మానేసి ఈ వారంలోనే వెళ్ళిపోతాను."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కింది వార్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, చేపల పడవ నడిపినవాడు. జ్వరానికి మతి కాస్త చెదిరింది. ఇవాళ ఆ వార్డు చూసుకోమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నారు.

చలికాలంలో అక్కడ టీ వేళకే మసక చీకటి. నర్సులు వేరే మంచం దగ్గర హడావిడిలో ఉన్నారు. ఇందుమతి వార్డు గుమ్మంలో అడుగు పెడుతుండగా పొడుగాటి ముసలాయన ఒకాయన కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు. కాళ్ళకు మాత్రం ఆసుపత్రి చెప్పులే. అది ఆమె చూసింది. ఎక్కడికని అడగబోయింది కూడా. కానీ బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళే పని చెడుతుందని వాళ్ళ మామ్మ నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. ఎంత పై చదువైనా మామ్మ మొట్టికాయ అంత తేలిగ్గా మానుతుందా? అయినా నిజం చెప్పుకోవాలంటే, మామ్మ సగమే. అడిగితే ఆయన ఏదో అంటాడు, తనకు అర్థం కాదు, ఆ సంగతి ఆయనకు తెలిసిపోతుంది. అది మిగతా సగం. ఇందుమతి నవ్వి పక్కకు తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, తలుపు కూడా తీసి పట్టుకుంది.

కాసేపటికి మాత్రలు తెచ్చిన నర్సు, "ఈయనేడీ?" అంది.

ఖాళీ మంచం చూసేసరికి ఇందుమతికి పై ప్రాణాలు పైనే పోయాయి. బయట మంచు కురుస్తోంది. రోడ్డు దాటితే సముద్రం. "నేనే పోనిచ్చాను" అని ఒక్క మాట చెప్పి, కోటైనా వేసుకోకుండా పరుగెత్తింది.

మంచులో చెప్పుల జాడ రోడ్డు దాకా ఉంది. ఆ పైన బండ్ల చక్రాల కింద కలిసిపోయింది. ఎటు పోవాలో తెలియలేదు. పోయాడు, చంపేశాను అనుకుంది. కనబడిన ప్రతి మనిషికీ అడ్డం పడి అడిగింది. వాళ్ళు చెప్పింది అర్థం కాకపోతే చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పించుకుంది. చివరికి ఒకామె పడవల రేవు వైపు చూపించింది.

ముసలాయన రేవు అంచున నిలబడి ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. కింద నల్లటి నీళ్ళు.

"ఎక్కడికండీ?" అంది ఇందుమతి, రొప్పుతూ.

ఆయన ఏదో అన్నాడు.

"అర్థం కాలేదండీ. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. అప్పటికీ అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమంది. ఈసారి తెలిసింది. తమ్ముడు పడవలో ఎదురు చూస్తున్నాడట, తాడు విప్పి వెళ్ళాలట. "తాడు సంగతి నేను చూస్తాను. మీరు చెయ్యివ్వండి" అంది. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, చెయ్యిచ్చాడు.

ఆయన్ను దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టి, ప్రాణానికి ప్రమాదం లేదని తేలాక, ఇందుమతి మళ్ళీ మాస్టారి ముందు నిలబడింది. పళ్ళు ఇంకా టకటకలాడుతున్నాయి. తలుపు పట్టుకున్న దగ్గర్నుంచి, మామ్మతో సహా, ఏదీ దాచకుండా చెప్పింది.

"నన్ను పంపించేయండి మాస్టారూ. ఈ భయం పోయేది కాదు."

మాస్టారు ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు. తన ముందున్న వేడి టీ ఆమె చేతిలో పెట్టారు.

"తలుపు దగ్గర నీకు భయం వేసింది. రేవు దగ్గరా వేసింది. ఆ రెండిట్లో ఏది పోవాలంటావమ్మా?"