ఉప్పుమడిలో పాట

ఎవరైనా ప్రశ్న అడిగితే పాస్టరు జెకర్యా అయ్యగారు జవాబు చెప్పేవారు కాదు. చేతికర్ర తీసుకుని బయటికి నడిచేవారు. అడిగినవాడు వెంటపడాల్సిందే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆ ఊరి ఉప్పుమళ్ళన్నీ రొయ్యల చెరువులయ్యాయి. అయినా ఆయన వెనక నడిచిన ఒక ఉదయం మాత్రం శిష్యుడు తీతుకు నిన్న మొన్నటిలాగే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

తీతు అయ్యగారి దగ్గర వాక్యం నేర్చుకుంటూ, మధ్యలో తాగుడికి చిక్కి, గుడి వదిలి పట్నం పోయి, చివరికి తల వంచుకుని తిరిగొచ్చినవాడు. అయ్యగారు చేర్చుకున్నారు. అయితే ఒకప్పుడు బైబిలు పట్టి బోధించిన చేతికి చీపురిచ్చారు. సంఘంలో గుసగుసలు ఆగలేదు. తీతుకు తెచ్చుకున్న సంచి విప్పబుద్ధి కాలేదు. ఆ పూట బస్సెక్కి పోదామనే నిశ్చయించుకుని, వెళ్ళేముందు ఒక్కటి అడిగాడు.

"అయ్యగారూ, దేవుడు నన్ను ఇష్టపడి చేర్చుకున్నాడా, మాటిచ్చాడు గనక తప్పనిసరై చేర్చుకున్నాడా?"

అయ్యగారు కర్ర అందుకుని ఉప్పుమళ్ళవైపు నడిచారు.

ముందురాత్రి అకాల వాన కురిసింది. ఉప్పు పండించుకునే దీనమ్మ ఆ రోజు ఎత్తాల్సిన పంటంతా కరిగి, మడి బురదగుంట అయింది. తీతు దారి పొడుగునా ఓదార్పు మాటలు కూడగట్టుకున్నాడు, పాపం. తీరా వెళ్ళి చూస్తే దీనమ్మ, ఆమె మొగుడు ఇస్సాకు నీళ్ళు తోడేసి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, పాడుకుంటూ మడి తొక్కుతున్నారు. ఒంటినిండా బురద, మొహం నిండా నవ్వు. పెళ్ళివారిల్లులా ఉంది వరస.

"ఇంత నష్టం వస్తే పాటలేంది దీనమ్మా?" తీతు ఉండబట్టలేకపోయాడు.

"రాత్రి ఏడ్చాన్లేయ్యా. తెల్లారి చూస్తే ఉప్పు పోయిందిగానీ మడి యాడికీ పోలా. నా మడిని నేను బాగుచేసుకుంటన్నా, సంతోషం గాదా? అయినా పాట లేకుంటే అడుగులు కలవవు. అడుగులు కలవకుంటే నేల గట్టిపడదు."

అయ్యగారు కర్ర గట్టుమీద పెట్టి, పంచె ఎగ్గట్టి దిగారు. ఆయన గొంతు ఎంత అపస్వరమో సంఘానికంతా తెలుసు. అయినా అందరికంటే పైస్థాయిలో ఎత్తుకున్నారు. ఇక తీతుకూ దిగక తప్పలేదు. కాసేపటికి అతను ఎక్కాల్సిన బస్సు రోడ్డుమీద హారన్ కొట్టుకుంటూ పోయింది. అది వినపడినా అతని కాళ్ళు ఆగలేదు. ఎందుకో తెలియకుండానే కళ్ళు నిండాయి.

తర్వాత కాలవలో కాళ్ళు కడుక్కుంటూ మెల్లగా అడిగాడు: "మరి నా ప్రశ్న, అయ్యగారూ?"

ఆయన కాలివేళ్ళ సందుల్లో బురద తీసుకుంటూ అన్నారు: "కింద ఉన్న మట్టికి తొక్కుడే తెలుస్తుందిరా తీతూ, పైన తనను బాగుచేస్తూ పాడేవాళ్ళ మొహం కనపడదు. పద, ఆ సంచి విప్పుకుందువుగాని."