పైకప్పు కింద పప్పుచారు

మణిమంతపురం రాజు ఉదయార్కుడు ఒకనాడు నూరంగళ్ల భవనంలో అత్తరు వాసన చూస్తుండగా, పెంకుల కప్పు నుంచి వాన చుక్క ఒకటి జారి సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది.

ఆ కప్పు కారడం కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్లుగా జనం నెత్తిన కారుతూనే ఉంది. కానీ అవి మామూలు నెత్తులు. ఇది రాజుగారి ముక్కు. దాంతో కప్పు పాడైపోయిందని కొలువు మొత్తానికి ఒక్కసారిగా తెలిసొచ్చింది.

“కప్పంతా మార్చెయ్యండి! ఎంతవుతుందో వారంలో నాకు అంచనా కావాలి!” అన్నాడు రాజు.

ఆ పని భవనాధికారి శరభయ్య మీద పడింది. పడటమేమిటి, ఆయనే రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఎనిమిది మూరల పట్టికతో కొలువుకు వచ్చాడు.

“ప్రభూ, నేనే స్వయంగా నిచ్చెనెక్కి ప్రతి పెంకూ తట్టి చూశాను. ఆ భవనంలో విస్తరేసుకునేంత చోటు కూడా కారకుండా లేదు!”

అని గొంతు సవరించుకుని చదివాడు. పెంకులకూ దూలాలకూ ఇరవై వేల వరహాలు. పరిశీలనకు వెళ్లొచ్చిన పల్లకికీ, దాని కొత్త పరదాలకూ రెండు వేలు. తలెత్తి కప్పు చూడటం వల్ల వచ్చిన మెడనొప్పికి తైలం, వంద. అనుకోని ఖర్చులు, ఎనిమిది వేలు.

ఓ మూల కూర్చున్న కొమ్మన చెవులు రిక్కించాడు. రాజును నవ్వించడానికి జీతం తీసుకునే మనిషి అతను. నిచ్చెనెక్కి పెంకులు తట్టినవాడికి తలెత్తి చూసే అవసరం ఎందుకొచ్చిందా అని అతనికి అనుమానం కలిగింది.

“అయ్యా, అనుకోని ఖర్చులు ఎనిమిది వేలని ముందే ఎలా అనుకున్నారు?” అని అడిగాడు.

“అనుభవం!” అన్నాడు శరభయ్య.

రాజుకు లెక్కలంటే తలనొప్పి. అందుకని తేలికైన దారి ఒకటి చూసుకున్నాడు. ఖజానా ముట్టుకోనక్కర్లేదు. ఆ నూరు అంగళ్లవాళ్లే తలా మూడొందల ఒక్క వరహా నెలలోగా కట్టాలి. కట్టలేనివాళ్లు కొట్టు ఖాళీ చెయ్యాలి.

ఆ సాయంత్రం గాజుల సుందరమ్మ కొమ్మన గుమ్మం ముందు కూలబడింది.

“నా కొట్లో గాజులన్నీ అమ్మినా ముప్పై వరహాలు రావు బాబూ. పోనీ నా నెత్తిన కారుతోందా అంటే, మా ఆయన పోయిన నాటి నుంచీ అక్కడే కూర్చుంటున్నాను, ఒక్క చుక్క పడి ఎరగను. కారేదల్లా ఏడు చోట్ల. నడిమి దూలానికి చెక్కిన పద్మం కిందైతే ధారే! అక్కడ మేమెవరం బుట్ట కూడా దించం. ఈ కొట్టు పోతే నేనెక్కడికి పోను?”

కొమ్మనకు ఆమె మీద జాలేసింది. ఆ మూడొందల మీది ఒక్క వరహా శరభయ్య మెడ తైలానికని గుర్తొచ్చి ఒళ్లు మండింది కూడా.

మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు.

“ప్రభూ, మన ఊరి పెంకు మేస్త్రీలకు ఒక ఆచారం ఉంది. పని ముగిశాక మేస్త్రీ ఆ కప్పు కిందే భోజనానికి కూర్చుంటాడు. పైనుంచి కూలీలు కుండలతో నీళ్లు గుమ్మరిస్తారు. విస్తట్లో చుక్క పడితే కూలి లేదు. ఈసారి ఆ భోజనం పనికి ముందే పెట్టించండి. శరభయ్యగారి అంచనా సంగతి విస్తళ్లే చెబుతాయి.”

భోజనం అన్న మాట వినబడ్డాక రాజుకు మిగతా మాటలు అక్కర్లేకపోయాయి. శరభయ్య కూడా సరేనన్నాడు. అంత పాత కప్పు మీద అన్ని కుండలు పోస్తే అందరూ తడవక ఏం చేస్తారని ఆయన ధీమా.

విందు నాడు కొమ్మన రాజుగారి పీట సుందరమ్మ కొట్టు ముందు వేయించాడు. అంగళ్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే చకచకా తలా ఓ చోట సర్దుకున్నారు. పద్మం కింద మాత్రం ఖాళీగా ఉంది.

“ప్రతి పెంకూ తట్టి చూసినవారు తమరు. తమ చోటు తమరే ఎంచుకోండి,” అన్నాడు కొమ్మన ఎంతో వినయంగా.

శరభయ్య చుట్టూ చూశాడు. గాజులమ్మేవాళ్ల పక్కన కూర్చోవడమా! భవనానికి నట్టనడుమ, పద్మం కింద, ఆయన హోదా కొలతలకు కుట్టించినట్టుగా ఒక చోటుంది. పట్టు ఉత్తరీయం సవరించుకుని అక్కడ ఆసీనుడయ్యాడు.

పైన కుండలు ఒలికాయి. కింద వంద విస్తళ్లలో పప్పుచారు పోసింది పోసినట్టే ఉంది. శరభయ్య పప్పుచారు మాత్రం పలచబడింది, పొంగింది, ఆయన ఒళ్లోకి దారి చూసుకుంది. పద్మం మీదుగా జారిన ధార తలపాగాను నానబెట్టి మీసాల కొసల నుంచి కారసాగింది.

శరభయ్య చిందులు తొక్కుతూ లేచాడు.

“మోసం ప్రభూ! ఎక్కడ కారుతుందో వీళ్లందరికీ ముందే తెలుసు!”

కొమ్మన చేతులు జోడించాడు.

“నిజమే ప్రభూ. ఈ భవనంలో ఆ సంగతి తెలియనివారు ఒక్కరే. అంచనా వేసింది వారే!”

రాజుకు నవ్వుతో పొలమారింది. తేరుకుని, “ఏమ్మా, బాగు చెయ్యడానికి ఎంతవుతుంది?” అని సుందరమ్మను అడిగాడు.

“ఏడు చోట్ల పెంకులు మారిస్తే చాలు మహారాజా. నలభై వరహాలంటే ఎక్కువే!”

“శరభయ్య పల్లకి పరదాలు అమ్మితే వచ్చేస్తాయి. అంగళ్లవాళ్లు చిల్లిగవ్వ కట్టక్కర్లేదు!” అంటూ రాజు తన మెడలో ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు. తర్వాత ఆ ఎనిమిది మూరల పట్టిక అందుకున్నాడు.

“ఇందులో ఒక్క ఖర్చే మంజూరు చేస్తున్నాను. మెడనొప్పి తైలం! ఇకపై చాలాకాలం తల దించుకు తిరగాలి కదా శరభయ్యా!”

ఆ నవ్వులకు నూరంగళ్ల భవనం దద్దరిల్లింది. పెంకు ఒక్కటీ ఊడలేదు.